అబద్ధాల ల్యాబు

మా ల్యాబులో ఒక్క పరికరం కూడా నిజం చెప్పదు. ఈ మాట నేను సిగ్గుపడుతూ చెప్పడం లేదు, గొప్పగానే చెప్తున్నాను. త్రాసు పళ్ళెం అడుగున మైనం ముద్ద ఉంటుంది. థర్మామీటరు స్కేలు ఉండాల్సిన చోటు కంటే కాస్త కిందికి జరిగి ఉంటుంది. స్టాప్‌వాచీకి బద్ధకం. దిక్సూచి పెట్టే బల్లకి అడుగున అయస్కాంతం అతికించి ఉంటుంది కాబట్టి ఉత్తరం ఎటో దేవుడికే ఎరుక. గోడ గడియారమైతే ఎప్పుడూ ముందుకు పరిగెడుతూనే ఉంటుంది. ఇవేవీ వాటంతటవి పాడైపోయినవి కావండోయ్. నా చేతుల్తో నేను పాడుచేసినవి.

నాకు ఫిజిక్స్ చెప్పిన పెద్దసారు పెట్టిన పద్ధతి ఇది. ఆయన రిటైరై వెళ్తూ ల్యాబు తాళాలు నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, వీటిని మాత్రం బాగుచెయ్యకు," అన్నారు. కొత్తగా చేరిన పిల్లలకి మా దగ్గర మొదట్లో ప్రయోగాలుండవు. ఒక్కొక్కరి చేతికీ ఒక పరికరం ఇస్తాం. "ఇది అబద్ధం చెప్తోంది. ఏం అబద్ధమో, ఎంత అబద్ధమో కనుక్కుని రా," అంటాం. వాళ్ళు దాన్ని మంచులో ముంచుతారు, తలకిందులు చేస్తారు, పక్కవాడి దాంతో పోలుస్తారు, ఏడుస్తారు, నన్ను తిట్టుకుంటారు. తప్పు దొరికాకే అసలు ప్రయోగం. దొరికేదాకా వాళ్ళు రాయాల్సింది మాత్రం ఒక్కటే. "నీకు తెలిసింది రాయకు, నాకు నచ్చేది రాయకు, ముల్లు ఏం చూపిస్తే అది రాయి," అని అరిచీ అరిచీ నా గొంతు ఇలా బొంగురుపోయింది.

ఏటా సెలవుల్లో పాత తప్పులు తీసేసి కొత్త తప్పులు పెడతాను. లేకపోతే పై క్లాసు వెధవలు కింది క్లాసు వాళ్ళకి చెప్పెయ్యరూ? మా దగ్గర చదివి ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరిన ఒక అమ్మాయి, చేరిన మొదటి వారంలోనే అక్కడి మిషన్ రక్తపోటు ఎక్కువ చూపిస్తోందని పట్టుకుంది. "ఎలా పట్టుకున్నావే?" అంటే, "ఏదైనా చేతికిస్తే ముందు అనుమానమే వస్తుంది మేడమ్, మీ పుణ్యమే," అంది. పిల్లలు నాకు పెట్టిన పేరు తప్పులమ్మ. నా వెనకాలే అంటారు గానీ నాకు వినపడేట్టే అంటారు.

ఆ తప్పులమ్మ నెత్తిన విలీనం వచ్చి పడింది.

పోయిన టర్ము చివర్లో ప్రిన్సిపాలు గారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఊరికి అటు చివరున్న పెద్ద కాలేజీలో మన కాలేజీని కలిపేస్తున్నారని చెప్పారు. వెనకాల తెర మీద 'కలిసి ఎదుగుదాం' అని ఇంతింత అక్షరాలు. నియమాలు రెండే రెండు. పనిచెయ్యని ల్యాబు ఎక్కడున్నా మూసేస్తారు. రెండు చోట్లా ఒకేలాంటిది ఉంటే ఒకటి మూసేస్తారు. ఆ మూసే ఒకటీ ఎవరిదవుతుందో వేరే చెప్పాలా? ఏనుగు వచ్చి ఎలుక కలుగులో సర్దుకుంటుందా ఎక్కడైనా?

ఆ రోజు నుంచి స్టాఫ్‌రూములో తేనెతుట్టె కదిపినట్టయింది. లెక్కలు చెప్పే ఆయన్ని మేం జోస్యం అంటాం, జరగబోయేవన్నీ ముందే చెప్తాడు, ఒక్కటీ జరగదు. ఆయన టీ కప్పు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "దీన్ని పెళ్ళి అనుకుంటున్నారేమో, ఇది ఇల్లరికం. రేపు అక్కడ కుర్చీ కావాలన్నా అత్తగారి పర్మిషన్ కావాలి," అన్నాడు. చరిత్ర చెప్పే ఆవిడ ఒక్కతే సంతోషంగా ఉంది. "అక్కడ లైబ్రరీకి లిఫ్టుందట. బాత్రూముల్లో నీళ్ళొస్తాయట," అంది. "లిఫ్టెక్కి ఎక్కడికి పోతావు తల్లీ, నీ సబ్జెక్టు అక్కడ ఉంటే కదా," అన్నాడు జోస్యం. ఆవిడ మూతి ముడుచుకుని బిస్కెట్ల డబ్బా తన బల్ల సొరుగులోకి లాక్కుంది. ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గర నిలబడి, "మాకేం తేడా ఉండదండీ, తిట్టేవాళ్ళు మారతారు," అన్నాడు.

పైకి ఎవరేమన్నా లోపల అందరూ చేస్తున్న పని ఒకటే. ఫోన్లు తీసి, పెద్ద కాలేజీలో తమ సబ్జెక్టే చెప్పే మనిషి ఎవరో వెతుక్కుంటున్నారు. ఫొటో పెద్దది చేసి చూడ్డం, వయసు ఎంతుంటుందో అంచనా వెయ్యడం, డిగ్రీలు లెక్కపెట్టుకోవడం. వాళ్ళని 'నా జోడీ' అనడం కూడా మొదలుపెట్టారు. "నా జోడీకి జుట్టంతా నెరిసిపోయింది, త్వరలోనే రిటైరవుతాడు," అని ఒకరు. "నా జోడీ ముప్పై కూడా నిండని పిల్ల, నా పని అయిపోయినట్టే," అని ఒకరు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషుల గురించి ఇన్ని శాపనార్థాలు పెట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. మండినా, నేనూ ఇంటికెళ్ళాక నా జోడీ ఫొటో చూశాను. ఏం దాచను!

నా భయం నా గురించి కాదు. నా సర్వీసు అయిపోవచ్చింది, ఎక్కడ కూర్చోబెట్టినా కూర్చుంటాను, కూర్చోబెట్టకపోతే నిలబడతాను. భయమంతా పిల్ల గురించి. పిల్ల అంటే నా జూనియరు. పెళ్ళైంది, కొడుకు పుట్టాడు, అయినా నా నోటికి పిల్లే. నా దగ్గరే చదువుకుని, నా పక్కనే చేరింది. ఏటికాయేడు పొడిగించే ఉద్యోగం. ల్యాబు ఉంటే ఆ ఉద్యోగం ఉంటుంది, ల్యాబు పోతే పోతుంది, మధ్యలో ఇంకో దారి లేదు. మొగుడు ఓడల్లో పనిచేస్తాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. కొడుక్కి పుట్టుకతోనే కాళ్ళలో బలం లేదు, పట్టీలు కట్టి నడిపిస్తున్నారు. వాణ్ణి చేర్చిన వ్యాయామ చికిత్స కేంద్రం మా కాలేజీ ప్రహరీ గోడకి అవతలే ఉంది. మధ్యాహ్నం బెల్లు మోగగానే పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడుతుంది. వాడికి వ్యాయామం చేయించేటప్పుడు అమ్మ పక్కన లేకపోతే వాడు అడుగు వెయ్యడు. ఊళ్ళో ఇంకో మూల ఉద్యోగమంటే వాడి నడక ఆగిపోయినట్టే.

ల్యాబులు చూడ్డానికి పెద్ద కాలేజీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చాక నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. కాలుగాలిన పిల్లిలా వరండా ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంటే, ప్రిన్సిపాలు గారే గదిలోంచి బయటికొచ్చి, "మేడమ్, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, లోపలికి రండి," అన్నారు.

"సార్, మా పరికరాల సంగతి మీకు తెలుసు కదా," అన్నాను.

"తెలుసు కాబట్టే పిలిచాను. వాళ్ళ దగ్గర రెండు గళ్ళున్నాయి. ఒకటి 'పనిచేస్తుంది', ఇంకోటి 'పనిచెయ్యదు'. మీ త్రాసుని ఏ గడిలో పెడతారు?"

"మూడో గడి పెట్టమంటాను. ఎందుకలా ఉన్నాయో వివరంగా చెప్తాను."

"మీరు వివరంగా చెప్పేలోపు వాళ్ళు కెమిస్ట్రీకి వెళ్ళిపోతారు మేడమ్." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, ఆయన జోడీ పెద్ద కాలేజీ ప్రిన్సిపాలు. ఆయన సంగతి ఆయనకే తెలియదు, నా సంగతి ఏం తేలుస్తారు?

ఇంటికెళ్ళినా అదే తిరుగుడు. మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపుంది. మనిషి నిదానం, నా కోపానికి ఆయన నిదానం సరిపోయింది కాబట్టి ఇన్నేళ్ళు కాపరం నడిచింది. నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ కమిటీని తిడుతుంటే, ఆయన కూరగాయలు తరుగుతూ విన్నాడు.

"ఒకటి చెప్పనా?" అన్నాడు చివరికి. "నా షాపులో అన్నీ తప్పు పవర్ అద్దాలు పెట్టి, 'తప్పేంటో మీరే కనుక్కోండి' అంటే జనం తంతారు."

"మీ షాపూ నా ల్యాబూ ఒకటేనా?"

"నీకు కాదు, వచ్చేవాళ్ళకి. ఇంటికొచ్చిన చుట్టాలకి చిరిగిన చాప వేసి, కావాలనే చింపానండీ, అందులో ఓ నీతి ఉందండీ అంటే కూర్చుంటారా? ఆ ఒక్కరోజుకీ మంచి చాప వెయ్యి. వాళ్ళు పోయాక మళ్ళీ చింపుకో. ఎవరొద్దన్నారు?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన చెప్పింది నా మనసులో అప్పటికే తిరుగుతున్న మాటే. ఆ రాత్రి పెద్దసారు మాట గుర్తొస్తూనే ఉంది, పిల్ల కొడుకు కాళ్ళ పట్టీలు కూడా గుర్తొస్తూనే ఉన్నాయి. చచ్చిపోయిన పెద్దసారుకి సమాధానం చెప్పుకోవచ్చు, బతికున్న పిల్లకి చెప్పుకోలేను అనుకున్నాను.

మర్నాడు పిల్లతో చెప్పాను. "ఆదివారం రా. అన్నీ బాగుచేసేద్దాం."

అది తెల్లబోయి చూసింది. "ఏంటి మేడమ్, మీరేనా ఈ మాటంటోంది? వద్దు మేడమ్. ఉన్నదున్నట్టు చూపిద్దాం. వచ్చేవాళ్ళూ ఫిజిక్స్ వాళ్ళే కదా, అర్థం చేసుకుంటారు."

"కమిటీలో చేరాక ఎవరూ ఫిజిక్స్ వాళ్ళు కారే పిచ్చిమొహమా. గళ్ళల్లో టిక్కులు పెట్టేవాళ్ళవుతారు."

"ఒకవేళ అర్థం చేసుకుంటే?"

"చేసుకోకపోతే? వాణ్ణి చంకనేసుకుని ఊరు ఆ చివరకి పోతావా రోజూ?"

దాని నోటికి తాళం పడింది. పడాలనే అన్నాను. నా నోరు అంత చెడ్డది.

ఆదివారం పగలంతా ఇద్దరం కూర్చుని బాగుచేశాం. ల్యాబంతా ఎండ పడి, బల్లల మీద దుమ్ము కూడా స్పష్టంగా కనిపిస్తోంది. పళ్ళెం అడుగు మైనం గోటితో గీకి తీశాను. థర్మామీటరు స్కేలు పైకి జరిపి, మంచులో పెట్టి, పాదరసం సున్నా దగ్గర ఆగేదాకా సర్ది బిగించాను. పిల్ల స్టాప్‌వాచీ విప్పి సరిచేసింది. రెసిస్టెన్స్ పెట్టె మీద మార్చి అంటించిన అంకెలు పీకి అసలువి అంటించింది. బల్ల కింద దూరి అయస్కాంతం ఊడదీస్తే దిక్సూచి ముల్లు ఒక్కసారి వణికి, మెల్లగా తిరిగి ఉత్తరం చూసింది. ఆ అయస్కాంతాన్ని నేను నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను, కమిటీ పోయాక మళ్ళీ పెట్టేద్దామని.

గోడ గడియారం ఒక్కటి మిగిలిపోయింది. నిచ్చెన స్టోర్‌రూములో ఉంది, ఆదివారం స్టోర్‌రూముకి తాళం. "పోనీలే మేడమ్, గడియారాన్ని ఎవరు చూస్తారు," అంది పిల్ల.

సోమవారం పొద్దున కమిటీ వచ్చింది. ముగ్గురు. చేతిలో టాబ్లెట్ పట్టుకుని వేలితో టకటకలాడించే ఒకావిడ. గోడలు, కిటికీలు తప్ప ఇంకేం చూడని ఒక పెద్దాయన. మూడో మనిషి తలుపు దగ్గర వంగి లోపలికొచ్చాడు.

వాడు నా స్టూడెంటు. పొడుగు అని పిలిచేవాళ్ళం. చదువుకునే రోజుల్లో ఆ తలుపుకి తల కొట్టుకుని కొట్టుకుని, చివరికి వంగడం నేర్చుకున్నాడు. పెద్ద కాలేజీలో చేరాడని తెలుసు, కమిటీలో వాడుంటాడని తెలియదు. "నమస్తే మేడమ్," అన్నాడు, ముక్తసరిగా. చేతిలో సంచీ. అందులోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల మంచు ముక్కలు.

ఓరి నీ దుంపతెగ, అనుకున్నాను. పనిచేస్తుందో లేదో చూసేవాడికి మంచెందుకు? మా తప్పుల పద్ధతంతా తెలిసినవాడు, తెలిసి పట్టుకోవడానికే వచ్చాడు. ఇంటి గుట్టు తెలిసినవాడే గదా చేటు చేసేది! పిల్ల వైపు చూశాను. చూశావా, బాగుచెయ్యడం ఎంత మంచిదైందో అన్నట్టు. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

పొడుగు థర్మామీటరు తీసి మంచులో పెట్టాడు. వంగి చాలాసేపు చూశాడు. పాదరసం బుద్ధిగా సున్నా దగ్గర ఆగింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ సున్నా.

"సరిగ్గా ఉందా అండీ?" అన్నాను. మర్యాదగా మీరనే పిలిచాను, కమిటీ కదా.

"సరిగ్గానే ఉంది మేడమ్," అన్నాడు. సంతోషపడాల్సిన మాట వాడు అదోలా అన్నాడు.

స్టాప్‌వాచీ నొక్కి తన ఫోన్ పక్కన పెట్టుకున్నాడు. రెండూ కలిసే నడిచాయి. త్రాసు దగ్గరకొచ్చి ఒకే బరువుని ఈ పళ్ళెంలో వేసి, ఆ పళ్ళెంలో వేసి చూశాడు. తర్వాత పళ్ళెం ఊడదీసి బోర్లించి అడుగున చూశాడు. అక్కడ నా గోటి గీతలు తప్ప ఏం లేదు. టాబ్లెట్ ఆవిడ ప్రతిదానికీ ఒక టిక్కు పెట్టుకుంటూ వస్తోంది. నేను లోపల్లోపల ఒక్కో టిక్కుకీ ఊపిరి పీల్చుకుంటున్నాను.

చివరికి దిక్సూచి బల్ల దగ్గరకొచ్చాడు. ముల్లు నిటారుగా ఉత్తరం చూస్తోంది. పొడుగు దాన్ని చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల అడుగున చెయ్యి పెట్టి తడమడం మొదలుపెట్టాడు. ఈ మూల నుంచి ఆ మూలకి. మళ్ళీ వెనక్కి. పోగొట్టుకున్న వస్తువు కోసం వెతికినట్టు వెతికాడు. ఆ చెయ్యి ఏం వెతుకుతోందో, ఎందుకు వెతుకుతోందో నాకు అప్పుడు అర్థమైంది. తప్పు దొరికితే పట్టుకుందామని కాదు. దొరకాలని.

అయస్కాంతం ఉన్న నా బ్యాగుని చంకలో అదుముకున్నాను.

"అయిపోయిందా?" అంది టాబ్లెట్ ఆవిడ. "అన్నీ పనిచేస్తున్నాయి. బాగున్నాయి. మన దగ్గరున్నవాటి లాంటివే కదా ఇవి? ఏదో ప్రత్యేకమైన ల్యాబు అన్నారు మీరు. ఇందులో ప్రత్యేకం ఏముంది?"

పొడుగు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

నేనుండబట్టలేకపోయాను. "ఉందండీ! ఇవన్నీ అబద్ధాలు చెప్పేవి. మేమే కావాలని అలా పెట్టాం, పిల్లలు తప్పు పట్టుకోవాలని. మీరొస్తున్నారని నిన్ననే బాగుచేశాం."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక చూసింది. "అంటే మొన్నటిదాకా ఇవన్నీ చెడిపోయే ఉన్నాయా?"

"చెడిపోవడం కాదండీ, చెడగొట్టడం."

"వీటిని ఏ గడిలో పెట్టమంటారు మేడమ్? పనిచేస్తున్నాయనా, చెయ్యవనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దాయన కిటికీ రెక్క తెరిచి మూసి, "గాలి బాగా వస్తుందిక్కడ. గది దేనికైనా పనికొస్తుంది," అన్నాడు. ఆవిడ తలూపి మెట్ల వైపు నడిచింది, ఆయన వెనకాలే వెళ్ళాడు.

పొడుగు వెళ్ళలేదు. ఫ్లాస్కు మూత పెట్టడం చేతకానట్టు తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎందుకు బాగుచేశారు మేడమ్?" అన్నాడు.

"ఎందుకేంట్రా? పనిచెయ్యకపోతే మూసేస్తామని మీరేగా అన్నారు!"

"ఒకేలాంటివి రెండుంటే కూడా మూసేస్తామన్నాం." "అక్కడ మీటింగుల్లో ప్రతిసారీ అరిచాను మేడమ్. మన పిల్లలు మిషన్ ఏం చెప్తే అది నమ్మేస్తున్నారు, అటు చివర ఒక ల్యాబుంది, అందులో ప్రతి వస్తువూ అబద్ధం చెప్తుంది, మన పిల్లల్నే అక్కడికి పంపాలి, అది మూస్తే మళ్ళీ రాదు అని. నవ్వారు. నవ్వినా, సరే చూపించు అన్నారు. అది చూడ్డానికే వచ్చారు వాళ్ళు. మంచు కూడా వాళ్ళకి చూపించడానికే తెచ్చాను."

"ముందే ఒక్క ముక్క చెప్పి చావొచ్చు కదరా!"

"కమిటీలో ఉండి ఎలా చెప్పను? అయినా చెప్పాలని కూడా తోచలేదు. ఈ ల్యాబులో ఇవి బాగుపడతాయని నేను కలలో కూడా అనుకోలేదు."

నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను. అంత పొడుగు మనిషిని, చిన్నపిల్లాణ్ణి పట్టుకున్నట్టు. "పోనీ ఇప్పుడు రాయి. త్రాసు తప్పు చూపించిందని రాయి. దిక్సూచి తప్పని రాయి. నీకు తెలుసు కదా అసలు సంగతి. నాకోసం కాదురా, దానికోసం. దాని కొడుకు కాళ్ళ కోసం." పిల్ల అక్కడే నిలబడి ఉంది. దాని ముందే అడిగాను, నాకు సిగ్గు కూడా వెయ్యలేదు.

పొడుగు ఫ్లాస్కు మూత బిగించాడు.

"నాకు తెలిసింది రాయకూడదు కదా మేడమ్," అన్నాడు. "ముల్లు ఏం చూపిస్తే అది."

దెప్పిపొడవడానికి అనలేదు వాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పాడు, అక్షరం పొల్లు పోకుండా. ఏ మొహం పెట్టుకుని కాదనను? చెయ్యి వదిలేశాను.

తలుపు దగ్గర వంగబోతూ వాడు తలెత్తి గోడ గడియారం చూశాడు, తర్వాత చేతి వాచీ చూసుకున్నాడు. "ఇదొక్కటీ వదిలేశారు."

"నిచ్చెన దొరకలేదు."

"ఒక్క గడియారానికి ల్యాబు నిలబడదు మేడమ్," అని వెళ్ళిపోయాడు.

ఉత్తర్వు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పరికరాలన్నీ మంచి స్థితిలో ఉన్నాయి, పెద్ద ల్యాబులో ఉన్నవాటి లాంటివే, కాబట్టి ఈ టర్ము అయ్యాక ల్యాబు అక్కడ కలిపేస్తారు. నాకు అక్కడ ఒక కుర్చీ ఉంది. పిల్లకి లేదు. జోస్యం చెప్పినవాటిలో కుర్చీకి అత్తగారి పర్మిషన్ కావాలన్నదొక్కటే నిజమైంది, ఆయన కూడా దానికి సంతోషపడలేదు. చరిత్ర ఆవిడ సొరుగులోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను ల్యాబులో కూర్చోలేక బల్లల చుట్టూ తిరుగుతున్నాను. పిల్ల స్టూలు మీద కూర్చుని ఉంది.

"తిట్టవే," అన్నాను. "నువ్వు వద్దన్నావు. నువ్వన్నదే నిజమైంది. నోరారా తిట్టు, నాకు కాస్త శాంతిగా ఉంటుంది."

"ఎందుకు తిడతాను మేడమ్? మీరు నాకోసమే కదా చేశారు."

చెంప మీద కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ అవతల పిల్లల కేంద్రంలో ఎవరో చప్పట్లు కొడుతూ అడుగులు లెక్కపెట్టిస్తున్నారు.

"టైమైంది, వాడి దగ్గరికెళ్ళు," అన్నాను గడియారం చూసి.

"ఇంకా కాలేదు మేడమ్. మన గడియారం ముందుంటుంది కదా." అని లేచి, అలమార తెరిచి, ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"ఏంటే వెతుకుతున్నావు?"

"మైనం. రేపు ఫస్టియర్ వాళ్ళకి క్లాసుంది."

నేను హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి, తాళాల కింద నుంచి అయస్కాంతం తీశాను. మోకాళ్ళు పట్టేసినా బల్ల కింద దూరాను.

"అయస్కాంతం మొన్నటి చోటేనా మేడమ్?" అంది పిల్ల, మైనం వేళ్ళ మధ్య నలుపుతూ.

"ఆ, మొన్నటి చోటే, ముల్లుకి కాస్త దూరంగా. అంత సులువుగా దొరక్కూడదు."

"దగ్గరగానే పెట్టండి," అంది. "ఈసారి అబద్ధాలన్నీ కొంచెం పెద్దవే పెడదాం మేడమ్. తొందరగా కనుక్కోవాలి కదా పాపం, వాళ్ళకి టైము లేదు."